పక్క కౌంటర్ మనిషి కష్టం మనకెందుకు?

తిరుపతిలో ఉద్యోగమంటే చాలామందికి రోజూ కొత్త మొహాలతో పని. లాడ్జి రిసెప్షన్, బస్టాండులో ఎంక్వయిరీ, రుయా, స్విమ్స్ ఆసుపత్రుల ఓపీ కౌంటర్లు, గాంధీ రోడ్డు షాపులు, కొండకెళ్ళే జీపుల స్టాండు... ఎక్కడ చూసినా మన ముందు నిలబడేది ఈ రోజు కనిపించి రేపటికి ఊరెళ్ళిపోయే మనిషి. వాళ్ళతో ఎట్లా మాట్లాడాలో చెప్పే ట్రైనింగులున్నాయి, గోడల మీద బోర్డులున్నాయి, ఫిర్యాదుల పెట్టెలున్నాయి. ఏళ్ళ తరబడి పక్క కుర్చీలో కూర్చునే మనిషితో ఎట్లా ఉండాలో మాత్రం ఎవరూ చెప్పరు. అది దానంతటదే వచ్చేస్తుందని అందరి నమ్మకం.

ఈ మధ్య మోటివేషన్ క్లాసుల్లో ఒక మాట తరచూ వినిపిస్తోంది: తోటి ఉద్యోగుల మీద సహానుభూతి చూపించండి, మీ ఉద్యోగం మీకే నచ్చుతుంది. తప్పని అనను. కానీ అందరి గోడూ విని, అందరి డ్యూటీలూ నెత్తినేసుకుని, చివరికి ఉద్యోగమంటేనే విసుగు పుట్టిన మనిషి మీ ఆఫీసులోనూ ఒకరుండే ఉంటారు. వాళ్ళు చూపించిందీ సహానుభూతే. ఒకరికి తృప్తినిచ్చిన గుణమే ఇంకొకరిని ఎందుకు పిండేసింది? ఈ ముడి విప్పకుండా సలహాలిస్తే, ఇప్పటికే అలసిపోయినవాళ్ళ మీద ఇంకో బరువు పెట్టినట్టే.

ముందు పాత లెక్క ఒకటి చూద్దాం. 1959లో ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే అమెరికన్ సైకాలజిస్టు, పిట్స్‌బర్గ్ ప్రాంతంలో 200 మంది దాకా ఇంజనీర్లను, అకౌంటెంట్లను కలిసి చేసిన ఒక పరిశీలన బయటపెట్టాడు. ఉద్యోగంలో మీరు బాగా సంతోషపడిన సందర్భమేది, బాగా విసిగిపోయిన సందర్భమేది అన్నదే ఆయన ప్రశ్న. సంతోషం కథల్లో ఎక్కువగా వచ్చినవి సాధించిన పని, దక్కిన గుర్తింపు, మీద పెట్టిన బాధ్యత, పనిలో ఉండే రుచి. విసుగు కథల్లో కంపెనీ రూల్సు, పైఅధికారి తీరు, జీతం, తోటివాళ్ళతో పొత్తు కుదరకపోవడం. దీన్నిబట్టి ఆయన తేల్చింది ఏమంటే, పక్కవాళ్ళతో పడకపోతే ఉద్యోగం నరకమవుతుంది, అయితే పడినంత మాత్రాన ఉద్యోగం నచ్చేయదు.

ఈ లెక్క మీద విమర్శ కూడా అప్పటినుంచే ఉంది. మంచి జరిగితే నా ప్రతిభ, చెడు జరిగితే వాళ్ళ తప్పు అని చెప్పుకోవడం మనిషి నైజం. అట్లాంటప్పుడు ఎవరిని అడిగినా తోటివాళ్ళు విసుగు కథల్లోనే ఎక్కువ కనిపిస్తారు. ఈ విమర్శ సబబే అనిపిస్తుంది నాకు. అయినా హెర్జ్‌బర్గ్ మాటలో ఒక నిజం మిగులుతుంది: కలుపుగోలుతనం వేరు, తృప్తి వేరు. పొద్దున టీ కొట్టు దగ్గర అందరూ నవ్వుకుంటూ కబుర్లు చెప్పుకునే ఆఫీసులోనే, లోపలికెళ్ళాక ఒకరి ఫైలు ఇంకొకరు ముట్టుకోని రోజులు ఎన్ని చూడలేదు!

కలిసి టీ తాగడంతో రాని తృప్తి మరి దేనితో వస్తుంది? దీనికి పనికొచ్చే ప్రయోగం ఒకటుంది. అమెరికాలో ఒక యూనివర్సిటీకి ఫోన్ల మీద విరాళాలు అడిగే కాల్ సెంటరు. ఆ పని ఎంత చప్పగా ఉంటుందో చెప్పనక్కర్లేదు, అవతలివాళ్ళు ఎక్కువమంది ఫోన్ పెట్టేస్తారు. ఆడమ్ గ్రాంట్ అనే పరిశోధకుడు, ఆయనతోటివాళ్ళు అక్కడ కొంతమంది ఉద్యోగులకు, ఆ విరాళాలతో వచ్చిన స్కాలర్‌షిప్ మీద చదువుకుంటున్న ఒక విద్యార్థితో కొన్ని నిమిషాలు మాట్లాడే అవకాశం ఇచ్చారు. అంతే. నెల తర్వాత చూస్తే ఆ ఉద్యోగులు ఫోన్ మీద గడిపిన సమయం 142 శాతం, తెచ్చిన డబ్బు 171 శాతం పెరిగాయి. 2007లో వచ్చిన ఫలితం ఇది. వాళ్ళ జీతం పెంచలేదు, కుర్చీలు మార్చలేదు. చేసే పని ఎవరి దాకా చేరుతోందో ఒకసారి కళ్ళతో చూశారు.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. లాడ్జి రిసెప్షన్లో ఉండే అబ్బాయి రాత్రి పదకొండుకి పిల్లలతో దిగిన కుటుంబానికి వేడినీళ్ళు, పాలు ఏర్పాటు చేసి పెడతాడు. వాళ్ళకి దర్శనం బాగా అయిందా, చంటిదానికి జ్వరం తగ్గిందా అన్నది ఆ అబ్బాయికి ఎప్పటికీ తెలియదు. పొద్దున్నే గది ఖాళీ చేసి రైలెక్కేస్తారు. ఓపీ చీటీ రాసే ఆమెకు ఆ రోగి ఏమయ్యాడో తెలియదు. యాత్రికుల ఊళ్ళో పనికి ఈ లోటు ఎప్పుడూ ఉంటుంది. మేలు చేస్తాం, ఫలితం మన కంటికి కనపడదు.

కనపడేది ఒక్క మనిషిలోనే, పక్క సీటులో ఉండే మనిషిలో. ల్యాబ్‌లో రిపోర్టు టైముకి వచ్చిందో లేదో వార్డులో నర్సుకు తెలుస్తుంది. వంటింట్లో పొంగలి ఎప్పుడు అయిపోయిందో చెప్పారో లేదో సప్లయర్‌కి తెలుస్తుంది, కస్టమర్ చేత మాట పడేది అతనే కాబట్టి. చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో తోతాపురి సీజన్ నడిచేటప్పుడు, కాయ ఏరేవాళ్ళు కుళ్ళింది వదిలేస్తే దాని బాధ లైనులో తర్వాత ఉన్నవాళ్ళకి తెలుస్తుంది. మన పని అందుకునే మొదటి మనిషి చాలాసార్లు కస్టమరూ కాదు, యాత్రికుడూ కాదు, తోటి ఉద్యోగే. మన పని వల్ల వాళ్ళకి ఏం తేలికవుతోంది, ఏం బరువవుతోంది అన్నది పట్టించుకోవడం మొదలుపెడితే, కాల్ సెంటరువాళ్ళకి ఆ విద్యార్థి కనపడినట్టు మనకు మన పని కనపడుతుంది. సహానుభూతికీ తృప్తికీ మధ్య ఉన్న దారి ఇదేనని నా అభిప్రాయం. మంచితనం వల్ల పుణ్యం వస్తుందన్న లెక్క కన్నా ఇది చాలా మామూలు సంగతి.

ఇంకో సంగతి కూడా దీనికి బలం చేకూరుస్తుంది. గ్రాంట్, జేన్ డటన్, బ్రెంట్ రోసో 2008లో ఒక పెద్ద రిటైల్ కంపెనీ గురించి రాశారు. అక్కడ కష్టంలో ఉన్న ఉద్యోగులకు సాయం చేసే పథకం ఉంది, అందులో తోటి ఉద్యోగులు కూడా డబ్బు వేస్తారు. సాయం అందుకున్నవాళ్ళకి కంపెనీ మీద మమకారం పెరగడంలో వింతేం లేదు. వీళ్ళు గమనించింది మాత్రం ఇచ్చినవాళ్ళకూ ఆ మమకారం గట్టిపడటం. నేను నలుగురిని పట్టించుకునే మనిషిని, నేను పనిచేసే చోటు కూడా అట్లాంటిదే అని వాళ్ళకు వాళ్ళు అనుకోగలిగారు.

బాధను మోయడం, బాగోగులు చూడటం

ఇక రెండో సగం, పిండేసే సగం.

2004లో తానియా సింగర్ బృందం 16 జంటలతో ఒక ప్రయోగం చేసింది. భార్యనో ప్రియురాలినో మెదడు స్కానర్‌లో పడుకోబెట్టి, ఆమె చేతికి చిన్న షాక్ ఇచ్చారు. తర్వాత పక్కనే ఉన్న ఆమె మనిషికి షాక్ ఇస్తున్నట్టు గుర్తు చూపించారు. తన చేతికి నొప్పి కలిగినప్పుడు మెదడులో చురుకెక్కిన భాగాల్లో కొన్ని, అతనికి నొప్పి కలుగుతోందని తెలిసినప్పుడు కూడా చురుకెక్కాయి. షాక్ ఎక్కడ తగిలిందో చెప్పే భాగాలు మౌనంగానే ఉన్నాయి, అది ఎంత బాధో చెప్పే భాగాలు మాత్రం పనిచేశాయి. ఎదుటివాళ్ళ బాధ చూస్తే కడుపులో తిప్పడం అనేది ఉత్త మాట కాదన్నమాట.

తర్వాత సింగర్, ఓల్గా క్లిమెకి ఇంకో అడుగు ముందుకేశారు. కష్టాల్లో ఉన్నవాళ్ళ వీడియోలు చూపిస్తూ, మొదట ఆ బాధను తమ బాధగా అనుభవించమని కొంతమందికి శిక్షణ ఇచ్చారు. వాళ్ళ మనసు బరువెక్కింది, దిగులు పెరిగింది. తర్వాత వాళ్ళకే కరుణలో, అంటే ఎదుటి మనిషి బాగుండాలని కోరుకోవడంలో శిక్షణ ఇచ్చారు. చూసింది అదే రకం వీడియోలే అయినా ఈసారి మనసు తేలికైంది, మెదడులో చురుకెక్కిన భాగాలు కూడా వేరు.

ఆఫీసులో గోడు వినే మనిషి ఎందుకు నీరసపడిపోతుందో దీంతో కొంత అర్థమవుతుంది. పక్కామె ఇంట్లో గొడవ విని సాయంత్రం దాకా తనే కుమిలిపోతే, పక్కామెకు ఒరిగేదేమీ లేదు, ఈమెకు బస్సెక్కేసరికి తలనొప్పి. అదే, "ఈ రోజు కౌంటర్ నేను చూసుకుంటా, నువ్వు లోపల ఎంట్రీలు చెయ్యి" అని ఆ పూటకి సీటు మార్చుకుంటే పది నిమిషాల్లో అయిపోయే పని. ఏడ్చిన కళ్ళతో జనం ముందు కూర్చునే కష్టం ఆమెకు తప్పుతుంది. చేసినామెకు మోసే బరువు ఏమీ మిగలదు.

సాయం చేయడంలోనూ అలసట ఉంది, దాన్ని దాచడం ఎందుకు. 2016లో క్లోదియానా లనాజ్ బృందం ఉద్యోగుల రోజువారీ అనుభవాలు తీసుకుని చూస్తే, అడిగినవాళ్ళకల్లా సాయం చేసిన రోజున మనిషిలో ఓపిక తగ్గిపోతోందని తేలింది. పరోపకారం మీద మక్కువ ఎక్కువున్నవాళ్ళకే ఆ అలసట మరీ ఎక్కువ. అయితే తమ సాయం నిజంగా పనికొచ్చిందని అనిపించినవాళ్ళలో ఆ ఓపిక కొంత తిరిగి వచ్చింది. కాబట్టి సాయం అందుకున్నవాళ్ళు, "అన్నా, నువ్వు చెప్పినట్టు చేస్తే పనైపోయింది" అని తర్వాత వచ్చి ఒక మాట చెప్పడం మర్యాద కోసం మాత్రమే కాదు. మన దగ్గర ఈ అలవాటు తక్కువ. దగ్గరివాళ్ళకి థాంక్స్ చెబితే పరాయివాళ్ళను చేసినట్టని ఒక మొహమాటం. థాంక్స్ చెప్పకపోయినా పర్వాలేదు, పని ఏమైందో చెబితే చాలు.

ఊహించుకోవడంలో ఉన్న ప్రమాదం

ఎదుటివాళ్ళ స్థానంలో నిలబడి ఆలోచించు అని చిన్నప్పటినుంచి వింటున్నాం. తాల్ ఇయాల్, మేరీ స్టెఫెల్, నికొలస్ ఎప్లీ 2018లో ఈ సలహాను 25 ప్రయోగాల్లో పరీక్షించారు. ఎదుటివాళ్ళ స్థానంలో తమను ఊహించుకున్నవాళ్ళు, అట్లా ఊహించుకోనివాళ్ళ కన్నా ఎదుటివాళ్ళ మనసును సరిగ్గా కనిపెట్టిందేమీ లేదు. పరిచయం లేనివాళ్ళ విషయంలోనే కాదు, భార్యాభర్తల విషయంలోనూ అంతే. సరిగ్గా తెలిసింది నేరుగా అడిగి, మాట్లాడినప్పుడే.

మన ఆఫీసుల్లో డ్యూటీ చార్టు వేసే దగ్గర ఇది రోజూ కనిపిస్తుంది. "ఆమెకు చిన్న పిల్లలున్నారు కదా, నైట్ వేయొద్దులే" అని ఇన్‌చార్జ్ మంచి మనసుతోనే అనుకుంటాడు. ఆమెకు కావాల్సింది నైటే కావచ్చు. పగలు అత్తగారిని డయాలసిస్‌కి తీసుకెళ్ళాలి, పిల్లల్ని రాత్రి భర్త చూసుకుంటాడు. అడిగితే ఒక్క వాక్యంలో తెలిసేది. అడగకుండా చూపించిన దయతో ఆమెకు పగటి డ్యూటీలూ, వాటితోపాటు సెలవులకు జీతం కోతలూ మిగిలాయి. దాని మీద "నీ కోసమే కదా మార్చింది" అన్న మాట ఒకటి.

సెలవుల సంగతి మరీ చిక్కు. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వస్తే తిరుపతి పాతవూరివాళ్ళకి అది ఇంటి పండగ. మొక్కున్న ఇంట్లో వేషం కట్టాల్సినవాళ్ళుంటారు, చుట్టాలొస్తారు. అదే సెక్షన్లో శ్రీకాళహస్తినుంచి వచ్చే ఆయనకు శివరాత్రి ముఖ్యం. రంజాన్ నెలలో ఒకాయనకు సాయంత్రం షిఫ్టు వద్దు. బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ నాడు ఊరంతా జనమే, ఆ రోజు లాడ్జిలో, హోటల్లో ఎవరికీ సెలవు దొరకదు, కానీ ఆ రోజే ఒకరి చెల్లెలి నిశ్చితార్థం పడుతుంది. వీటిలో ఏది ఎవరికి ఎంత ముఖ్యమో కులం పేరునుంచో, ఊరి పేరునుంచో ఊహించలేం. జాతర అంటే ఏమాత్రం ఆసక్తి లేని పాతవూరి మనిషి కూడా ఉంటాడు. ఏప్రిల్లోనే, "అక్కా, జాతరకి నీకు ఏ రోజు కావాల?" అని అడిగి, "అయితే గరుడ సేవ నాడు నువ్వుండు" అని మాట్లాడుకున్న చోట సెలవుల గొడవలు సగం ఉండవు. ఇచ్చిపుచ్చుకోవడం బేరంలా ఉందే అంటారేమో. ఉండనివ్వండి. బేరానికి ముందు ఎదుటి మనిషికి ఏం కావాలో తెలుసుకోవాలి కదా.

సహానుభూతి ఎక్కువ లెక్కకొచ్చే చోటు ఇంకోటి ఉంది, దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవరు. షిఫ్టు మారే సమయం. నైట్ డ్యూటీ దిగే మనిషికి ఇంటికెళ్ళాలన్న తొందర. 204లో గీజరు పనిచేయడం లేదు, 112 వాళ్ళు అడ్వాన్సు సగమే కట్టారు, పై అంతస్తు పెద్దాయనకు లిఫ్ట్ దగ్గరి గది ఇస్తామని మాటిచ్చాం. ఈ మూడు ముక్కలు పుస్తకంలో రాసిపెడితే పొద్దున వచ్చే మనిషి ధైర్యంగా కూర్చుంటాడు. రాయకపోతే మొదటి గంటలోనే మూడు తిట్లు తింటాడు, తన తప్పేమిటో తెలియకుండా. ఆసుపత్రిలో అయితే ఇది తిట్లతో పోదు. ఏ డ్రిప్ ఎన్నింటికి మార్చాలి, ఏ శాంపిల్ ల్యాబ్‌కి వెళ్ళింది, ఎవరి అటెండెంట్ మందుల కోసం కిందికి పోయాడు, ఏ రోగికి ఇంకా విషయం చెప్పలేదు, ఇవన్నీ ఒక నర్సు చేతినుంచి ఇంకో నర్సు చేతికి వెళ్ళాలి. తర్వాత వచ్చే మనిషి మొదటి గంట ఎట్లా గడుస్తుందో ఒక్క క్షణం తలుచుకుంటే ఆ నాలుగు లైన్లు వాటంతటవే రాయబుద్ధవుతుంది. కౌగిలింతలూ కన్నీళ్ళూ లేని సహానుభూతి ఇది. నా దృష్టిలో ఆఫీసుకు ఇదే ఎక్కువ అవసరం.

ఆసుపత్రుల గురించే ఇంకో మాట. 1990లలో ఏమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు, బాగా కలిసి పనిచేసే నర్సుల బృందాల్లో మందుల పొరపాట్లు తక్కువ ఉంటాయని అనుకుని లెక్కలు తీస్తే, నమోదైన పొరపాట్లు ఆ బృందాల్లోనే ఎక్కువ కనిపించాయి. ముందు ఆశ్చర్యపోయింది. తర్వాత తెలిసిందేమంటే, అక్కడ పొరపాటు జరిగితే దాచకుండా చెప్పుకుంటున్నారు, మిగతా చోట్ల భయపడి దాచేస్తున్నారు. తప్పు దాచుకుంటూ డ్యూటీ చేయడంలో ఎంత టెన్షన్ ఉందో చేసినవాళ్ళకే తెలుసు. ఆ టెన్షన్ ఉన్న చోట ఏ తృప్తి గురించి మాట్లాడినా దండగ.

బరువు ఎవరి మీద పడుతోంది?

ఇంతవరకు చెప్పింది విని, ఆఫీసులో ఈ పనంతా ఎవరి నెత్తిన పడుతుందో మీరు ఊహించే ఉంటారు. ఆడవాళ్ళ నెత్తిన. రిటైరయ్యేవాళ్ళకి శాలువా తేవాలన్నా, కొత్తగా చేరిన పిల్లకి అన్నీ చూపించాలన్నా, బాస్ తిడితే ఏడుస్తున్న జూనియర్‌ని ఓదార్చాలన్నా "మేడమ్, మీరైతే బాగా చెబుతారు" అంటారు. లిండా బాబ్‌కాక్ తదితరులు 2017లో ప్రచురించిన ప్రయోగాల్లో, ప్రమోషన్‌కి పనికిరాని ఇట్లాంటి పనులు ఆడా మగా కలిసున్న బృందాల్లో ఆడవాళ్ళే ఎక్కువగా ఒప్పుకున్నారు, వాళ్ళనే ఎక్కువగా అడిగారు. అందరూ ఆడవాళ్ళే ఉన్న బృందంలో, అందరూ మగవాళ్ళే ఉన్న బృందంలో పని ఒప్పుకోవడంలో ఆ తేడా పోయింది. అంటే ఇది పుట్టుకతో వచ్చిన గుణం కన్నా, ఆడవాళ్ళే చేస్తారులే అని అందరూ అనుకోవడం వల్ల వచ్చింది. ఓదార్చడం నిజంగా పనే అయితే, ఆ గంటసేపు ఆమె కౌంటర్‌ని ఇంకొకరు చూసుకోవాలి.

1983లో ఆర్లీ హోక్‌షీల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త విమానాల్లో పనిచేసే అమ్మాయిల గురించి, అప్పులు వసూలు చేసేవాళ్ళ గురించి రాస్తూ, మనసులో లేని భావాన్ని మొహం మీద చూపించడం కూడా జీతానికి చేసే చాకిరీయేనని చెప్పింది. గంగమ్మ జాతరలో వేషం కట్టినవాళ్ళు మొక్కు తీరాక కడిగేసుకుంటారు. కౌంటర్ దగ్గర నవ్వు వేషం పన్నెండు నెలలూ తీయడానికి లేదు. పక్కవాళ్ళ దగ్గరైనా అది తీసి కాసేపు మామూలుగా కూర్చునే వీలుండాలి. తోటివాళ్ళ మీద ప్రేమ చూపించండి అని ఆర్డరు వేస్తే, ఉన్న ఆ కాస్త వీలూ పోయి లోపల కూడా వేషం కట్టాల్సి వస్తుంది.

ఇందుకే "మనమంతా ఒక కుటుంబం" అన్న ఉపన్యాసం వింటే నాకు అనుమానం. సాధారణంగా అది సెలవు ఇవ్వనని చెప్పే ముందు వస్తుంది. ఆరుగురు చేయాల్సిన పని నలుగురితో చేయిస్తూ, ఒకరినొకరు అర్థం చేసుకోండి అంటే, ఖాళీ పోస్టుల భారం ఉద్యోగుల మంచితనం మీద వేసినట్టే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఉద్యోగ అలసటను వ్యాధుల వర్గీకరణలో చేర్చినప్పుడు, దాన్ని జబ్బు అనలేదు. సరిగ్గా సంభాళించని దీర్ఘకాలపు పని ఒత్తిడి వల్ల వచ్చేదని రాసింది. ఔట్‌సోర్సింగ్‌లో జీతం రెండు నెలలుగా పడని మనిషికి పక్కవాడి సానుభూతి ఒక పూట పనికొస్తుంది, ఇంటి అద్దెకు పనికిరాదు.

అడిగినా చెప్పనివాళ్ళ సంగతి కూడా చెప్పాలి. "ఏమప్పా, మొహం అట్లుండాది?" అంటే "ఏం లేదులేన్నా" అని తల తిప్పుకుంటారు కొందరు. అక్కడితో ఆపేయాలి. ఇంట్లో సంగతి ఆఫీసులో తెలియకూడదని వాళ్ళనుకుంటే ఆ హక్కు వాళ్ళది. మన ఊళ్ళలో ఒకరికి చెప్పింది సాయంత్రానికి డిపార్టుమెంటు అంతా పాకుతుందని వాళ్ళకు అనుభవమై ఉండొచ్చు. అట్లాంటివాళ్ళను ఇంటి గురించి కాకుండా పని గురించి అడిగితే జవాబు వస్తుంది: నేను పంపే లిస్టు నీకు ఏ టైముకి కావాల, ఏ పద్ధతిలో రాస్తే నీకు తేలిక?

సూపర్‌వైజర్లు చేయగలిగింది ఇంకా తేలిక. షిఫ్టు మారేటప్పుడు ఇద్దరూ పావుగంట కలిసి ఉండేలా చార్టు వేసి, ఆ పావుగంటకు కూడా జీతం లెక్కకట్టడం. బయోమెట్రిక్‌లో ఎనిమిదికి ఒకరు ఔట్, ఎనిమిదికే ఇంకొకరు ఇన్ అని పెట్టి, మధ్యలో ఇద్దరూ ఎప్పుడు మాట్లాడుకోవాలో మాత్రం చాలా ఆఫీసులు ఆలోచించవు.